పది లక్షల కారు, నలభై లక్షల కోరికలు

పాత బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ ఇప్పుడు కొత్త బాలెనో ధరకే దొరుకుతోంది. ఈ సంగతి తెలియనన్నాళ్లూ నేను సుఖంగానే బతికాను. మా బావమరిది ఒక ఆదివారం భోజనాల దగ్గర ఫోన్ తీసి, నల్లటి 320డి ఫొటో చూపించి, "బావా, 2014 మోడల్. పది చెప్తున్నాడు. కూర్చుని మాట్లాడితే తొమ్మిదిన్నరకి దిగుతాడు" అన్నాడు. ఆ పూట నుంచి వాకిట్లో మా వ్యాగన్ ఆర్ కనబడితే మొహం తిప్పుకుంటున్నాను. ఇన్నేళ్లలో నన్నొక్క మాట అనని కారు అది, పాపం.

మేముండేది చర్లపల్లిలో. ఊరి పేరు చెబితే ఒకప్పుడు "జైలు దగ్గరా?" అనేవాళ్లు. 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యాక "స్టేషన్ దగ్గరా?" అంటున్నారు. మా పరువు ఆ మేరకు పెరిగింది. నగరం తాగే డీజిల్‌లో పెద్ద భాగం మా ఊరి ఆయిల్ డిపోల నుంచే ట్యాంకర్లలో బయల్దేరుతుంది కాబట్టి ఇక్కడి రోడ్ల మీద హక్కు ముందు ట్యాంకర్లది, తర్వాత గేదెలది, మిగిలితే మాది. అలాంటి చోటికి నేను తేవాలనుకున్నది 184 గుర్రాల శక్తి గల కారు. ఎనిమిది సెకన్ల లోపే వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మా గల్లీ నుంచి పెద్ద రోడ్డెక్కేలోగా అందులో మూడు గుర్రాలు మేలుకుంటే గొప్ప. మిగతా 181 ట్యాంకరు వెనక నిలబడి డీజిల్ మేస్తూ ఉంటాయి.

పారిశ్రామికవాడలో ఓ ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డులో లెక్కలు రాస్తాను నేను. కనుక ఆశ పడటం కూడా డెబిట్, క్రెడిట్ వేసుకునే పడతాను. ఆదాయపు పన్ను లెక్కల్లో కారుకి ఏటా 15 శాతం తరుగుదల రాస్తాం. మార్కెట్టు అంతకంటే కఠినంగా రాస్తుంది. కొత్తలో రోడ్డు మీదికి రావడానికి నలభై లక్షలకు అటూ ఇటూ అయిన కారు ఇవాళ పదికి దిగింది. అయితే ఈ తరుగుదల కారుకే గానీ దాని సామానుకు లేదు. హెడ్‌లైటు ధర కారు వయసు అడగదు. ఆస్తంతా కరిగిపోయిన జమీందారు మన ఇంటికి పేయింగ్ గెస్టుగా వచ్చాడనుకోండి. అద్దె చవకే. కానీ పొద్దున్నే ఆయనకు వెండి కంచమూ, పేరిన నెయ్యీ కావాలి.

చూడ్డానికి ఉప్పల్ వెళ్లాం. బ్రోకరు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "సార్, డాక్టర్ సాబ్ వాడిన బండి. సింగిల్ ఓనర్. ఫుల్ షోరూం ట్రాక్" అన్నాడు. హైదరాబాదులో అమ్మకానికి వచ్చిన ప్రతి పాత కారునూ ఒక డాక్టరే వాడి ఉంటాడు. ఆ డాక్టరు ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి తప్ప వేరే చోటికి వెళ్లి ఉండడు. ఎక్సలేటరు గట్టిగా తొక్కి ఉండడు. రోగులతో ఎలా ఉంటాడో తెలియదు గానీ, క్లచ్‌లూ బ్రేకులతో మాత్రం మహా సున్నితంగా ఉంటాడు.

మీటరు నలభై వేల కిలోమీటర్ల లోపే చూపిస్తోంది. ఇంత తక్కువ మీటరును శంకించకుండా నమ్మదగ్గ కారు ఈ నగరంలో నాకు తెలిసి ఒక్కటే ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. 1912 నాటిది, వందేళ్లలో నాలుగొందల మైళ్లు కూడా తిరగలేదంటారు. దాని మీటరు వెనక్కి తిప్పాల్సిన అవసరం ఏ బ్రోకరుకీ రాలేదు.

మా బావమరిది వాననీళ్ల కార్ల మీద పరిశోధన చేసి వచ్చాడు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు ఖరీదైన కార్లెన్నో నీళ్లపాలై, ఇన్సూరెన్సు వేలాల మీదుగా కడిగిన ముత్యాల్లా మళ్లీ మార్కెట్టుకొచ్చాయి. మనకూ 2020 అక్టోబరు ఉంది. ఆ రాత్రి మా పక్కనున్న ఘట్‌కేసర్ వైపు ముప్పై సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అందుకని వాడు సీట్‌బెల్టును కడదాకా లాగి, లోపలి చుట్టలో బురద గీత ఉందేమోనని చూశాడు. తివాచీ ఎత్తి వాసన చూశాడు. డిక్కీలో తలపెట్టి చాలాసేపు ఉండిపోయాడు. ఏమీ దొరకలేదు. బ్రోకరు కంటే వాడే ఎక్కువ నిరాశపడ్డాడు.

"ఇంకా సస్తాల కావాల్నంటే ఢిల్లీ బండి ఉంది సార్" అన్నాడు బ్రోకరు, మా మొహాలు చూసి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లు ఢిల్లీలో తిరగరాదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటను నిలబెట్టింది. దాంతో అక్కడ ముసలివైపోయిన కార్లు ఎన్‌ఓసీ చేతబట్టుకుని దక్షిణాదికి దిగి, మళ్లీ పడుచువయ్యాయి. ఇక్కడ వాటికి వయసును బట్టి లైఫ్ ట్యాక్సు కట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. రెండు లక్షలు తగ్గుతుంది. ఆ రెండు లక్షలూ ఎటు పోతాయో నాలోని గుమాస్తాకి అప్పుడే తెలిసిపోయింది కాబట్టి వద్దన్నాను.

నాచారంలో ఒక మెకానిక్ ఉన్నాడు. షోరూములో చాలా ఏళ్లు పనిచేసి, బయటికొచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషి. స్కానర్ తెచ్చి తగిలించాడు, కింద పడుకుని టార్చి కొట్టాడు, ఒక రౌండు నడిపి వచ్చాడు. "బండి సాఫుగుంది సార్. లీకేజ్ లేదు, ఎర్రర్ లేదు" అన్నాడు. నా మనసు గాల్లో తేలింది. అతను చేతులు తుడుచుకుంటూ, "ఇప్పటికైతే" అని ముగించాడు.

తర్వాత టీ కొట్టు దగ్గర జరిగింది పాఠం. ఈ ఇంజనుకి ఎన్47 అని పేరు. 2007లో వచ్చింది. టైమింగ్ చైను విషయంలో దీనికి లోకమంతా పేరుంది, మంచి పేరు కాదు. మామూలుగా చైను ఇంజనుకి ముందుంటుంది, చెయ్యి పెడితే అందుతుంది. దీనికి వెనక, గేర్‌బాక్సు వైపు పెట్టారు. "చైన్‌కు పైసలు తక్కువనే సార్. ఇంజన్ దించుడు, ఎక్కిచ్చుడు, దానికే పైసలు. లక్షన్నర అనుకోండ్రి. తెగినంక వస్తే ఇంక నన్ను అడగొద్దు."

"తెగుతుందంటావా?"

"తెగకపోవచ్చు. కొన్ని బండ్లకు ఎప్పటికీ తెగదు."

అతనితో చిక్కే అది. ఏదీ కచ్చితంగా పాడవుతుందనడు, అలాగని ఏదీ పాడవదని కూడా అనడు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గురించి అడిగాను. అందులో నూనె జీవితాంతం మార్చక్కర్లేదని కారు కంపెనీ అంటుంది. ఆ గేర్‌బాక్సు చేసిన జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్లలోపు మార్చమంటుంది. ఇద్దరూ జర్మన్లే. జీవితాంతం అంటే ఎవరి జీవితమో ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నట్టు లేదు. సరే, మార్పిద్దాం అనుకున్నా, ఫిల్టరును అడుగునుండే ప్లాస్టిక్ పళ్లెంతో కలిపి ఒకే ముక్కగా పోశారు. ఫిల్టరు మార్చాలంటే పళ్లెం కూడా కొనాలి. రోజంతా మౌల్డింగ్ షెడ్డులో గడిపేవాణ్ని, ఆ పళ్లెం అచ్చు పోయడానికి ఎంతవుతుందో అంచనా వెయ్యగలను. అందుకే దాని ధర విన్నప్పుడు అందరికంటే నాకే ఎక్కువ నొప్పి పుట్టింది.

టైర్లు రన్‌ఫ్లాట్. ఒక్కొక్కటి ఇరవై వేల చుట్టూ. పంక్చరైనా 80 కిలోమీటర్ల వేగంతో 80 కిలోమీటర్ల దూరం పోవచ్చు. అంటే చర్లపల్లి నుంచి యాదగిరిగుట్టకు గాలి లేకుండానే చేరొచ్చు. తిరిగి రావడం నరసింహస్వామి చూసుకోవాలి. ఇక ఆ వేగమంటారా, 2018లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి కట్టిన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవరు కింద గుంతల్లో తిరిగినవాళ్లకి ఆ సంఖ్య ఎక్కడో విన్నట్టు మాత్రమే ఉంటుంది.

"బ్యాటరీ కూడా మనం మార్చుకోలేం సార్. కొత్తది వేసినంక రిజిస్ట్రేషన్ చెయ్యాలె."

"ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసులోనా?"

అతను నవ్వలేదు. కొత్త బ్యాటరీ వచ్చిందని కంప్యూటరు పెట్టి కారుకు తెలియజేయాలట. లేకపోతే పాతదే ఉందనుకుని దానికి తగ్గట్టే చార్జింగు ఇస్తుందట. మా వ్యాగన్ ఆర్‌కి నేను బ్యాటరీ మార్చినప్పుడు కారుకేమీ చెప్పలేదు, అదీ అడగలేదు.

ఇంటికొచ్చి కాగితం మీద రెండు గడులు గీశాను. ఒకవైపు కచ్చితంగా అయ్యేవి: ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు. రెండోవైపు అయితే అయ్యేవి: చైను, గేర్‌బాక్సు, వాటర్ పంపు, డీజిల్ పొగ ఫిల్టరు. వేసేకొద్దీ రెండోవైపు మొత్తం కారు ధరలో సగానికి చేరుకుంది. మా ఆవిడ కాఫీ పెట్టి, భుజం మీదుగా చూసి, "ఈ కారు బిగించేది చెన్నై దగ్గరే కదండీ, మరి సామానుకి ఇంత ధరెందుకు?" అంది. 2007 నుంచీ అక్కడ ఫ్యాక్టరీ ఉన్నమాట నిజమే. మెకానిక్‌ని నేనూ అదే అడిగాను. "బిగించుడు చెన్నైల, బిల్లు జర్మనీల" అన్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటుందనుకున్నాను. అనలేదు. ఆవిడ బడిలో లెక్కల టీచరు. "కారు తర్వాత కొందాం. ముందు దాని రిపేర్ల డబ్బు నెలకింతని పక్కన పెట్టండి. ఒక ఏడాది ముట్టుకోకుండా ఉండగలిగితే మనకు కారు నడిపే తాహతు ఉన్నట్టే" అంది. ఇంత పద్ధతైన మాటను కాదనడానికి నా వృత్తి ఒప్పుకోలేదు. బ్యాంకులో వేరే ఖాతా తెరిచి, పుస్తకంలో "కారు" అని శీర్షిక పెట్టాం.

ఆ నల్ల 320డి నెల తిరక్కుండానే అమ్ముడుపోయింది. కొన్నది డాక్టరేనని బ్రోకరు మా బావమరిదికి చెప్పాడట. ఈసారికి నమ్ముతున్నాను.

ఎండలు ముదిరాక మా బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయించి, పైపులు ఎత్తించి, మళ్లీ దింపించడానికి చేతిలో డబ్బు చాలకపోతే ఆ కొత్త ఖాతాలోంచి తీశాం. మోటారు ఖర్చు తక్కువే, ఎత్తుడు దించుడుకే ఎక్కువైంది. ఏ పద్దు కింద రాయాలని అడిగితే మా ఆవిడ పెన్ను తీసుకుని, "కారు" శీర్షిక కిందే, మొదటి వరుసలో రాసేసింది.