చెలి ఏటనుకుంటాది?

నేను బొబ్బిలి వీణను. పుట్టింది గొల్లపల్లిలో, సర్వసిద్ధి వారి చేతుల్లో. కుండా దండీ వేరువేరుగా చేసి అతికించకుండా ఒకే పనస దుంగలోంచి తొలిచారు కాబట్టి నన్ను ఏకాండి వీణ అంటారు. విజయనగరంలో ఒక అమ్మమ్మ ఒళ్లోంచి మనవరాలి ఒళ్లోకి వచ్చాను. ఆ మనవరాలి సంగతే చెప్పాలి.

చిన్నప్పుడు తను మెట్టు మీద వేలుంచి మీటేసి, స్వరం వచ్చేసిందనుకునేది. "మైనంలో పాతిన 24 మెట్లూ కదలవమ్మా. గమకం కావాలంటే తీగను పక్కకు లాగాలి" అనేవారు మాస్టారు. లాగితే వేళ్లు కోసుకుపోయేవి. కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చునేది. క్లాసులో పిల్లలు సినిమా హీరోల గురించి గుసగుసలాడుకుంటుంటే తనకేమీ అనిపించేది కాదట. తనలో ఏదో లోపం ఉందని దిగులు పడేది. ఆ దిగులు ఎవరికీ చెప్పలేదు గానీ, సారణి తీగ మీద ఎడమచేయి బిగుసుకున్నప్పుడల్లా నాకు తెలిసేది.

తనకు పదహారేళ్లప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకోవడానికి వచ్చి, మా వీధిలో పిన్నిగారింట్లో దిగింది. ఈడూ జోడూ కుదిరింది. సాయంత్రాలు ఆమె పాడేది, మా అమ్మాయి నా మీద వాయించేది. ఆమె గొంతు పైస్థాయికి వెళ్లేటప్పుడు మా అమ్మాయి ఊపిరి బిగపట్టేది. ఆ ఊపిరి నా దండికి తగిలేది.

మాస్టారు క్షేత్రయ్య పదం మొదలుపెట్టారు, ముఖారి రాగంలో. పదం నింపాదిగా నడుస్తుంది, తొందరపడితే చచ్చిపోతుంది. పైగా వీణ మీద సాహిత్యం పలకాలంటే అక్షరం పడ్డచోటల్లా మీటు పడాలి, కాబట్టి వాయించేవాళ్లకూ ప్రతి మాటా కంఠతా రావాలి. అలా మాట మాటా నేర్చుకుంటుంటే మా అమ్మాయికి ఒక సంగతి తట్టింది. నాయిక తన బాధంతా చెప్పుకునేది చెలితో. ఆమె ప్రియుడు మువ్వగోపాలుడు అక్కడ లేనే లేడు. రాత్రంతా దగ్గర కూర్చుని వినేది ఆ చెలి. మూడు వందల ఏళ్లకు పైగా క్షేత్రయ్య పదాలు పాడుతున్నారు, ఈ పదంలో ఆ చెలికి మాత్రం ఒక్క చరణమూ దక్కలేదు.

ఒక సాయంత్రం సాధన మధ్యలో ఆపేసింది.

"గోపాలుడి సంగతి సరేనే. ఆ చెలి ఏటనుకుంటాదో ఎవరైనా అడిగారా?"

ఆ పిల్ల తాళం వేస్తున్న చేయి ఆపి, కాసేపు చూసి, "నేనడుగుతున్నాను. ఏటనుకుంటాది?" అంది.

మా అమ్మాయి నోట మాట రాలేదు. వాయించింది. ముఖారి ఆలాపన అంత నిబ్బరంగా తన చేతిలో అంతకుముందు నేను వినలేదు. ఎడమచేతి బిగువు పోయింది. తీగ ఎంతవరకు లాగాలో అంతవరకే లాగింది. అయిపోయాక ఆ పిల్లే దగ్గరకు జరిగి, కాయలు కాసిన మా అమ్మాయి వేళ్లు పట్టుకుంది. "నేనూ అదే అనుకుంటున్నాను" అంది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద తీర్పు చెప్పింది. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి ఒకటైతే, వాళ్లు ఆడా ఆడా అయినా మగా మగా అయినా, అది నేరం కాదని. ముందుగదిలో టీవీ మోగుతోంది. నాన్నగారు కాసేపు విని ఛానెల్ మార్చారు. ఆ తీర్పు పెద్దవాళ్ల గురించి, వీళ్లింకా పిల్లలు. అయినా తన దిగులుకు పేరుందని, ఆ పేరు లోపం కాదని ఆ రోజు తనకు తెలిసింది. నా మీద తలవాల్చి ఏడ్చింది. అది దుఃఖం కాదు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలన్నది వాళ్లిద్దరి ఇష్టం, ఎవరూ తొందరపెట్టకూడదు. ఈలోగా నవరాత్రుల కచేరీకి ఆ పదమే ఎంచుకున్నారు. ఆ పిల్ల చరణం పాడి ఆగాక, మాటలేవీ లేకుండా వీణ ఒక్కటే ఒక ఆవర్తనం వాయించాలట. అది చెలి వంతు. మా అమ్మాయే కట్టింది. మాస్టారు రెండుసార్లు వాయించమని విన్నారు. ఎవరి వంతని అడగలేదు. "పై షడ్జం మీద ఇంకాస్త నిలబడు, తాళం నేను చూసుకుంటాను" అన్నారు.