ఎవరూ నడవని ఊళ్ళు

ఉమ్మడి పాలమూరులో ఒక మాట బాగా చెలామణిలో ఉంది. గద్వాలలో అడిగినా, వనపర్తిలో అడిగినా, నాగర్‌కర్నూల్‌లో అడిగినా పెద్దమనుషులు అదే చెప్తారు: "ఇక్కడ ఫుట్‌పాత్ ఎందుకు సార్, నడిచేటోళ్ళు ఎవరున్నరు?" అడిగినవాడు కారులో ఉంటాడు, చెప్పినవాడు బుల్లెట్ మీద ఉంటాడు. ఇద్దరికీ నడిచేవాడు కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. హారన్ వినగానే అతను పక్కకు దూకేశాడు కనుక లెక్కకు అందలేదు.

ఈ లెక్కే నిజమైతే పొద్దున్నే వనపర్తి బస్టాండులో దిగే పాన్‌గల్, పెబ్బేరు, గోపాల్‌పేట జనం అక్కడి నుంచి గాల్లో తేలుతూ పోతున్నారనుకోవాలి. ఒకనాటి రాజావారి ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్ పిల్లలు నడవరు. కాన్పు కోసం కూతుర్ని సర్కారు దవాఖానకు తీసుకొచ్చిన తల్లి నడవదు. జరీచీర బేరమాడటానికి గద్వాల గల్లీల్లో నాలుగు దుకాణాలు తిరిగే ఆడవాళ్ళు అసలే నడవరు. గద్వాల మట్టికోట లోపల గుడి ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడికి పోయేవాళ్ళంతా ఆ కోట కట్టించిన సోమనాద్రి కాలం నాటి గుర్రాలెక్కి పోతున్నారేమో!

నిజానికి ఈ జిల్లాల్లో జనం నడిచినంత ఎక్కడా నడవరు. శివరాత్రికి నల్లమల మీదుగా శ్రీశైలానికి నడుస్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి రాళ్ళమీద జారుతూ దిగి, మళ్ళీ ఎక్కి వస్తారు. అలా లోయ ఎక్కివచ్చిన మొనగాడే నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగి, కనుచూపు మేరలో ఉన్న మందుల దుకాణానికి ఆటో మాట్లాడుకుంటాడు. అడవిలో అతనికి పులి భయమే. ఇక్కడ ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాలీ ఆటో ఉంది.

నాయకులు మాత్రం నడవరా అంటే, వాళ్ళూ నడుస్తారు. పాదయాత్రలు ఈ జిల్లాలకు కొత్త కాదు. కాకపోతే ఆ నడక నడిరోడ్డు మీద సాగుతుంది. ముందు పోలీసు జీపు, వెనక కార్ల వరస, పక్కన తాడు పట్టుకున్న కార్యకర్తలు. వందల కిలోమీటర్లు నడిచిన మనిషికి దారిలో ఒక్కచోటైనా ఫుట్‌పాత్ ఎక్కాల్సిన అవసరం రాలేదంటే తప్పు ఆయనది కాదు.

2016 అక్టోబర్ 11న, దసరా నాడు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లాతో పాటు షోరూములు వచ్చాయి, బ్యాంకులొచ్చాయి, ప్లాట్ల ధరలు పెరిగాయి, ఇంటింటికీ రెండో బండి వచ్చింది. సమీకృత కలెక్టరేట్లు కూడా వచ్చాయి: వనపర్తిలో 2022 మార్చిలో, మిగతా రెండుచోట్ల 2023 జూన్‌లో. పాత బజారుకు దూరంగా, చుట్టూ బోలెడంత జాగాతో కట్టారు. ఇప్పుడు ఊళ్ళో నడిచేవాళ్ళ బాధ చెప్పుకోవాలన్నా ముందు అక్కడిదాకా వెళ్ళడానికి బండి ఉండాలి.

ఇంతకూ ఫుట్‌పాత్ ఉందా అంటే, ఉంది. మోరీ మీద బండలు కప్పితే దాన్నే ఫుట్‌పాత్ అంటున్నాం. షట్టర్ దగ్గర నుంచి రోడ్డు వైపు చూసుకుంటూ రండి. ముందు గ్రానైట్ మెట్లు. మెట్ల పక్కన బండి ఎక్కించడానికి సిమెంటు వాలు. వాలు మీద తల లేని ప్లాస్టిక్ బొమ్మ, దానికి చీర. బొమ్మ కాళ్ళ దగ్గర ఖాళీ అట్టపెట్టెలు, పెట్టెల మీద నిద్రపోతున్న కుక్క. దాని పక్కన ఇనుప ఫ్రేములో ఎవరికో జన్మదిన శుభాకాంక్షలు చెప్పే ఫ్లెక్సీ. తర్వాత బైకుల వరస, ముందు చక్రం బండ మీద, వెనక చక్రం రోడ్డు మీద. మధ్యలో కంచె కట్టిన ట్రాన్స్‌ఫార్మర్. ఇవన్నీ దాటాక బైకు వెనక చక్రానికీ ఆటో ముందు చక్రానికీ నడుమ జానెడు తారు కనిపిస్తుంది. నడిచేవాడికి మిగిలింది అదే.

ఏడాదికోసారి పట్టణ ట్రాఫిక్ మీద సమీక్ష జరుగుతుంది. మర్నాడు పొద్దున్నే జేసీబీ, చెత్త ట్రాక్టర్, ఇద్దరు కానిస్టేబుళ్ళు బయల్దేరతారు. ఇంత బలగానికీ ముందు దొరికేది ఎవరంటారా? సీతాఫలాల గంపామె. తక్కెడ ట్రాక్టర్‌లో పడుతుంది, కాయలు మోరీలో పడతాయి, ఫొటో పేపర్లో పడుతుంది. పక్కనున్న గ్రానైట్ మెట్ల సంగతేమిటని అడిగితే వాటికి నోటీసు ఇవ్వాలట, పద్ధతి ఉంటుందట. పద్ధతి ఉన్నమాట నిజమే, కాకపోతే చట్టం దాన్ని గంపామె కోసమే రాసింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆమెను లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఊళ్ళో సర్వే పూర్తయ్యేదాకా అసలు లేపకూడదు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడానికి పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. కానీ మన దగ్గర మెట్లు నోటీసు అందుకుంటాయి, గంప లాఠీ అందుకుంటుంది. ఏళ్ళ తరబడి ఎన్నో ఊళ్ళలో అదే గంప దగ్గర తైబజారు పేరుతో రోజూ చీటీ చించి పైసలు వసూలు చేశారు. గంప పెట్టినందుకు రుసుము, మళ్ళీ పెట్టినందుకే శిక్ష.

గంపలు, తోపుడు బండ్లు అడ్డం కానేకావని నేననను. బతుకమ్మ ముందు పూలమ్మే చోట, రంజాన్ సాయంత్రం పండ్ల బండ్ల దగ్గర ఒళ్ళు ఒరుసుకుంటూ పోవాల్సిందే. అయితే గంపామెకు జరగడం తెలుసు. "జరంత జరుగమ్మా" అంటే గంప ఒడిలోకి లాక్కుంటుంది. గ్రానైట్ మెట్టును ఆ మాట అని చూడండి.

అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇంకోటుంది. ఊళ్ళో ఎవరూ నడవరు అన్న నోటితోనే, నడిచే దారి నిండా చిల్లర వ్యాపారులే అంటారు. ఎవరూ నడవని చోట గంప దించి ఆమె ఎవరికి అమ్ముతోంది? ట్రాన్స్‌ఫార్మర్‌కా? ఏ మలుపులో ఎందరు నడుస్తారో ఆమెకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు. లక్షలు పోసి పాదచారుల సర్వే చేయించే బదులు పొద్దున పదింటికి గంపలు ఎక్కడెక్కడ దిగాయో రాసుకుంటే చాలు.

ఇక మిగిలింది అన్నిటికీ విరుగుడు, రోడ్డు విస్తరణ. గోడల మీద ఎర్ర గుర్తులు పడతాయి, ముందుగదులు పోతాయి, కొందరు కోర్టుకు పోతారు. చివరికి రోడ్డు వెడల్పవుతుంది, నడుమ డివైడర్, డివైడర్ మీద సీతాకోకచిలుక లైట్లు. కొత్తగా వచ్చిన జాగాలో సాయంత్రానికల్లా కార్లు ఆగుతాయి. అంతకుముందు ఇరుకు రోడ్డు అంచున నడిచినవాడు ఇప్పుడు వెడల్పాటి రోడ్డు అంచున నడుస్తాడు. అటు దాటాలంటే మాత్రం ఇదివరకటికి రెట్టింపు ప్రార్థనలు కావాలి.

2022లో మన దేశంలో రోడ్డు మీద చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచేవాళ్ళు. ఎవరూ నడవని దేశానికి ఇది పెద్ద సంఖ్యే. 2025 మే 14న సుప్రీంకోర్టు నడవదగిన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఫుట్‌పాత్ మీద బండి ఆపకూడదని 2017 నుంచి కేంద్ర నిబంధన ఉంది. హెల్మెట్ లేనివాడి ఫొటో తీసి చలానా పంపుతారే, ఆ ఫొటోల్లో వెనకాల చూడండి. ఫుట్‌పాత్ మీద బైకుల వరస ఎంత స్పష్టంగా పడుతుందో! చెన్నై పాండీ బజారులో 2019లో బండ్లకిచ్చే జాగా తగ్గించి నడకకు వెడల్పాటి దారి వేశారు. అక్కడికి పెళ్ళి చీరలకు పోయి వచ్చిన మనవాళ్ళు హాయిగా నడిచామని మెచ్చుకుంటారు, ఇంటికొచ్చి దుకాణం ముందు ఇంకో మెట్టు కట్టిస్తారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక దారి కనీసం 1.8 మీటర్లుండాలి, బజారులో 2.5 మీటర్లు. ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే మోకాళ్ళ నొప్పులున్న ముసలామె కూడా ఎక్కగలగాలి. వనపర్తి రాజీవ్ చౌక్ దగ్గరో, గద్వాల పాత బజారులోనో, నాగర్‌కర్నూల్ బస్టాండు ముందో కొలిచి చూడటానికి కొత్త పథకం, కొత్త టెండరు అక్కర్లేదు. ఇంటిపన్ను వేయడానికి గది గదీ కొలిచే టేపు మున్సిపాలిటీ దగ్గర ఎలాగూ ఉంది. కొలవడానికి మాత్రం బండి దిగాల్సి ఉంటుంది.