వదలని మూడడుగులు

ముదినేపల్లిలో నాలుగు సెంట్ల స్థలం కొన్నప్పుడు అందులో అంగుళం కూడా ఊరికే పోనివ్వకూడదనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది. సెంటు ధర గుర్తొచ్చినప్పుడల్లా ప్లానులో ఖాళీగా ఉన్న చోటు డబ్బు పారబోసినట్టే కనిపించేది.

ఊళ్లో ఇల్లు కట్టాలంటే 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ అనుమతి కావాలి. 2017 నాటి భవన నిబంధనల్లో 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలని ఉంది. ఇంజనీరు ఆ కొలతలకే ప్లాను గీశాడు, నేను సంతకం పెట్టాను. తీరా కట్టేటప్పుడు ఉత్తరం వైపు మీటరుని వంటింట్లో కలిపేసి, గోడని సరిగ్గా హద్దు మీద లేపించాను.

2022 ఏప్రిల్‌లో మా మండలం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఆ హడావుడిలో ఎవరు చూస్తారులే అనుకున్నాను. పట్టణాల్లో 2007 చివర, మళ్లీ 2015లో బీపీఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం పెట్టి అతిక్రమణలకు రుసుము కట్టించుకున్నారు కదా, మనకీ ఎప్పుడో అలాంటిది వస్తుందిలే అని కూడా లెక్కేసుకున్నాను. ఎలివేషన్ ఎలా ఉండాలో, ఏ రంగు వేయాలో నాకెవరూ చెప్పలేదు. నిబంధనలు అడిగింది కాస్త ఖాళీ. అదొక్కటే ఇవ్వలేదు.

పక్కింటి మామ్మగారు గోడ నడుము ఎత్తు లేచినప్పుడే వచ్చి చెప్పారు. "బాబూ, కాస్త అటు జరిపి కట్టుకో నాయనా, నా వంటింటికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే." "నా స్థలంలోనే కదండీ కట్టుకుంటున్నాను" అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు. ఇప్పుడు ఆ వంటింట్లో మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి.

వెలుతురు ఒక్కటే కాదు. ఆవిడది పాత పెంకుటిల్లు. చూరు నీళ్లు తన స్థలంలోనే పడాలని, ఏ నిబంధనా చెప్పకుండానే, కట్టినవాళ్లు అటువైపు జాగా వదిలారు. నా స్లాబు నీళ్లన్నీ ఆ జాగాలోకే దిగాయి. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పునాది పక్కన నీళ్లు నిలబడితే గోడ ఊరుకోదు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆవిడ గోడకి కిటికీ మూల నుంచి కిందికి పగులు వచ్చింది. ఆ మీటరు నేను బాకీపడింది ప్రభుత్వానికి కాదు, ఆవిడకి. అది తెలియడానికి ఆ పగులు చూడాల్సొచ్చింది.

గోడ వెనక్కి జరపొచ్చా అని తాపీమేస్త్రిని అడిగాను. బీములు దానిమీదే ఉన్నాయి, కుదరదన్నాడు. స్లాబు గొట్టాలు మా పెరటివైపు తిప్పించాను. పగులు నా ఖర్చుతో పూడ్పించాను. కిటికీకి మాత్రం ఏమీ చేయలేకపోయాను. ఇప్పుడు మా అబ్బాయి పైన ఇంకో అంతస్తు వేద్దామంటున్నాడు. వేస్తే ఆ మీటరు వదిలే వేయాలని, గోడ లేపకముందే మామ్మగారికి ప్లాను చూపించాలని చెప్పాను.