లేహ్ మధ్యాహ్నపు గాలి వారికి అర్జీ

లేహ్ విమానాశ్రయంలో రాకపోకలపై సర్వాధికారాలు గల మధ్యాహ్నపు గాలి దొరవారి సముఖానికి, హైదరాబాదు వాస్తవ్యుడొకడు ఇక్కడి హోటల్ మంచం మీద పడుకుని రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

ఈ అర్జీ విమానయాన శాఖకు పెట్టుకోమన్నారు కొందరు. వేళలు అచ్చేసేది వాళ్లే గానీ సంతకం తమరిదేనని ఇక్కడికొచ్చాక తెలిసింది.

ఢిల్లీ నుంచి లేహ్‌కు ఆకాశంలో సుమారు 620 కిలోమీటర్లు. గంటన్నర ప్రయాణం. హైదరాబాదు నుంచి ఢిల్లీకి వచ్చిన దూరంలో సగం. ఆ లెక్క చూసి మా బావమరిది, "భోంచేసి ఎక్కుదాం బావా, తెల్లారగట్ల లేవడమెందుకు?" అన్నాడు. వెతికితే దాదాపు అన్నీ పొద్దుటి విమానాలే. ఎండెక్కి కొండవాలు కాగగానే తమరు లోయ వెంట బయల్దేరుతారట! చుట్టూ కొండలు కాబట్టి విమానం ఏ వైపు నుంచి దిగిందో ఆ వైపుకే లేవాలి. అలాంటిచోట తమరు వెనకనుంచి తోస్తే ఏ పైలట్ దిగుతాడు? పైగా 3,256 మీటర్ల ఎత్తు. పల్చటి గాలిలో రెక్కలకు పట్టు చాలదు, రన్‌వే మీద మరింత జోరుగా పరుగెత్తాలి. వేడి తోడైతే గాలి ఇంకా పల్చన. 2024 జూలైలో ఇక్కడ విమానాలు రద్దయింది ఎండ వల్లే. అందులో తమ తప్పు లేదు, ఒప్పుకుంటున్నాను.

మొన్న ఢిల్లీలో లేహ్ మీద మబ్బుందని మమ్మల్ని రెండు గంటలు కూర్చోబెట్టారు. పక్క సీటులో లేహ్ ఆవిడ, ఒళ్లో మామిడిపళ్ల పెట్టె. మబ్బు సంగతి ఒక్కసారీ అడగలేదు, వాచీ మాత్రం చూసుకుంటూనే ఉంది. మబ్బు విడిపోయేలోగా తమరు లేస్తారనే ఆవిడ భయం.

1948 మే 24న వైమానిక దళాధికారి మెహర్ సింగ్ గారు సైన్యాధికారి తిమ్మయ్య గారిని ఎక్కించుకుని ఇక్కడ మొదటిసారి డకోటా విమానం దించారు. అప్పుడు తమరు ఏ మూలనున్నారో.

దిగాక బ్యాగు తెరిస్తే చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బి ఉంది. నా తలా అంతే. రెండు రోజులు కదలొద్దన్నారు. అంటే మనిషి గంటన్నరలో వచ్చాడు, ఒళ్లు ఎల్లుండికి వస్తుంది. శ్రీనగర్ నుంచి లేహ్‌కు ఆకాశంలో 255 కిలోమీటర్లే, రోడ్డున 420 పైచిలుకు. అటు నుంచి వచ్చేవాళ్లు కార్గిల్‌లో ఒక రాత్రి నిద్ర చేసి, మనిషీ ఒళ్లూ కలిసే దిగుతారు. టిక్కెట్టులో ప్రయాణకాలం రాసేవాళ్లు ఈ రెండో లెక్క కూడా వేస్తే బాగుండేది.

అసలు మనవి: శుక్రవారం 10:50కి నా తిరుగు విమానం. ఆ ఒక్క పూట పన్నెండు దాకా నుబ్రా లోయ వైపు ఏదైనా పని చూసుకోగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
14 ఏ, కిటికీ సీటు