జనసంఖ్యాశాఖామాత్యులవారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ జనసంఖ్యాశాఖామాత్యులవారి సముఖమునకు, ఇద్దరు బిడ్డలతో సరిపెట్టుకొన్న ఒకానొక సామాన్య గృహస్థుడు చేసుకొను విన్నపములు. చిత్తగించవలెను.

ఇట్టి శాఖ యొకటి మన రాష్ట్రమున ఇంకను వెలయలేదని నేనెరుగుదును. అయినను, బిడ్డలను కనుడని బోధించుటకును, కనవలదని శాసించుటకును, కన్నవారిని మందలించుటకును, కననివారిని నిందించుటకును ఇందరు పెద్దలు పూనుకొనియుండగా, ఆ నాలుగు పనులకును జవాబుదారియైన కుర్చీ యొకటి సచివాలయములో ఏదో యొక గదిలో ఉండియే తీరవలెనని తలచి, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నను వారే తామని భావించి వ్రాయుచున్నాను. చిరునామా తప్పైనచో కాగితమును మరియొక శాఖకు పంపివేయుట మన కార్యాలయములకు క్రొత్త కాదు గదా!

ముందుగా మా విధేయతను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొననిండు. 1952లో కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టి ప్రపంచమున కెల్ల దారి చూపిన దేశము మనది. నాటి తరువాత ఆసుపత్రి గోడమీదను, ఆర్టీసీ బస్సు వెనుకను, చివరకు ఊరబావి గట్టుమీదను ఆ కార్యక్రమపు గురుతైన ఎర్ర త్రికోణము కనబడని చోటు లేకపోయెను. ఇద్దరో ముగ్గురో చాలునని మొదట చెప్పిరి. కొన్నాళ్లకు ఆ మూడవవానిని తుడిచివేసిరి. మరికొన్నాళ్లకు ఒక్కరైన మాత్రమేమి తక్కువ యనిరి. 1976–77లో, ఒక్క ఏడాదిలో, దేశమున 80 లక్షలకు పైగా సంతాననిరోధక ఆపరేషనులు జరిగినవి. ఉత్తరాది పల్లెలలో అవి యెట్లు జరిగినవో పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు. మావైపున అంతటి దౌర్జన్యము అవసరము లేకయే పని నెరవేరినది. ఏలయన, మా స్త్రీలు చెప్పిన మాట వినిరి. 1992–93 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రదేశపు స్త్రీకి సగటున 2.6 బిడ్డలుండగా, 2019–21 నాటికి ఆ లెక్క 1.7కు దిగినది. జనసంఖ్య తరుగక నిలుచుటకు 2.1 కావలెనని శాస్త్రజ్ఞులందురు. అదే సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారు. పురుషులలో నూటికి ఒక్కడైనను లేడు. ఈ కడపటి అంకెను గూర్చి నేను వ్యాఖ్యానింపను, నేనును పురుషుడనే.

విధేయతకు బహుమానము దొరకునని మేమనుకొనలేదు గాని, శిక్షకు మాత్రము కొదవ లేకపోయినది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, ఇద్దరికి మించి సంతానము గలవారు పంచాయతీ పదవులకు నిలువరాదని విధించి, 1995 మే నెలాఖరు వరకు గడువొసగెను. గడువులోపల పుట్టిన మూడవ బిడ్డ నిర్దోషి. మరునాడు పుట్టిన బిడ్డ తండ్రి రాజకీయ జీవితమునకు గండము. ఈ నియమమును చేసిన శాసనసభ్యులకు మాత్రము ఈ నియమము వర్తింపలేదు. ఎందరు పిల్లలున్నను వారు శాసనసభలో నిశ్చింతగా కూర్చుండవచ్చును. వార్డు మెంబరుకు కావలసినంత నిగ్రహము మంత్రికి అక్కరలేదన్న మాట! ఇట్టి చట్టమునే హర్యానా విషయమున సుప్రీంకోర్టు 2003లో సమర్థించినది. మధ్యప్రదేశ్ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన నిర్మలా బుచ్‌గారు ఆంధ్రముతో కూడ ఐదు రాష్ట్రములలో విచారించి, ఈ నియమము పల్లెలలో ఏమి చేసినదో తెలిపిరి: పదవికై భార్యను విడిచిపెట్టినవారు కలరు, మూడవ బిడ్డను దత్తత పేర వదిలించుకొన్నవారు కలరు, ఆ బిడ్డ తమ బిడ్డయే కాదన్నవారును కలరు. సర్పంచి కుర్చీకై కన్నబిడ్డను కాదన్నవాడు దోషియే, సందేహము లేదు. కాని, ఆ కుర్చీని ఆ బిడ్డకెదురుగా తెచ్చి వేసిన దెవరు?

అంతట కాలము తిరిగినది. 2024 నవంబరులో మన శాసనసభ పంచాయతీలకును పురపాలక సంఘములకును ఆ నిషేధమును ఎత్తివేసినది. ఎత్తివేయుటతో ఊరకుండినచో నేనీ లేఖ వ్రాయకపోదును. ఇప్పుడు ముగ్గురిని కనుడని సభలలో ఉద్బోధలు మొదలైనవి. పొరుగు రాష్ట్రపు అప్పటి ముఖ్యమంత్రిగారు, లోక్‌సభ స్థానములు తగ్గిపోవు భయముతో, చెన్నపట్టణపు సామూహిక వివాహములలో పదహారుగురి మాట కూడ ఎత్తిరి. 2025 మార్చిలో మా విజయనగరము పార్లమెంటు సభ్యులవారు, మూడవ కాన్పున ఆడపిల్ల పుట్టినచో 50,000 రూపాయలును, మగపిల్లవాడు పుట్టినచో ఆవును బహూకరింతుమని ప్రకటించిరి. దాతృత్వమును శంకింపరాదు. అయినను, విశాఖపట్టణములో మూడవ అంతస్తున ఈఎంఐ కట్టుకొనుచున్న దంపతులు ఆ ఆవునెక్కడ కట్టవలెనో గూడ సెలవిచ్చియున్నచో బాగుండెడిది.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. తమ శాఖకు వెలుపల, వేతనము లేకుండ, రాత్రింబవళ్లు తమ పనినే చేయుచున్న న్యాయమూర్తుల గుంపులు బయలుదేరినవి. రచ్చబండ యేదైనను వాదము ఒక్కటే. ఒక గుంపు వారందురు: సామాన్యులకు సంతానమేల? తాగుబోతులు, కోపిష్ఠులు, అప్పులవారు, చదువురానివారు, తమ జీవితమునే దిద్దుకొనలేనివారు మరియొక జీవిని లోకములోనికి తెచ్చుట ఎంతటి అపరాధము! రెండవ గుంపు వారందురు: చదువుకొని, సంపాదించి, విమానములలో తిరుగుచు, ఒక్క బిడ్డనైనను కనని ఈ కాలపు దంపతులు ఎంతటి స్వార్థపరులు! చిత్రమేమనగా, ఈ రెండు తీర్పులును ఒక్క నోటినుండియే వెలువడుట నేను విన్నాను. పెండ్లిభోజనముల వరుసలో నా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి యొకరు, వడ్డించు కుర్రవాని తల్లికి ఐదుగురు సంతానమని విని, "బుద్ధుండాలండీ ఈ జనానికి" అనిరి, పప్పు వచ్చి పచ్చడి వచ్చులోపల, ఎదుటి వరుసలోని మేనకోడలిని చూచి, "ఏమ్మా, మూడేళ్లయింది, విశేషమేమీ లేదా?" అనిరి. ఆ యమ్మాయి నవ్వి, అప్పడమును చిన్న ముక్కలుగా విరుచుచు, తలయెత్తలేదు.

మొదటి గుంపువారి వాదమును నేను తేలికగా త్రోసిపుచ్చను. తల్లిదండ్రుల యోగ్యతను పరీక్షింపవలెనన్న మాటలో తర్కము లేకపోలేదు. అట్టి పరీక్ష మన దేశములోనే యున్నది కూడ. అనాథ శిశువును దత్తు చేసికొనగోరువారి ఇంటికి అధికారి వచ్చి, జీతమెంత, జబ్బులేమి, గదులెన్ని, దంపతుల నడుమ సయోధ్య యెట్లున్నది, ఇంట ఎవరెవరుందురు అని విచారించి నివేదిక వ్రాయవలెను. రెండేండ్లలోపు బిడ్డ కావలెనన్నచో దంపతులిద్దరి వయస్సులు కలిపి 85 మించరాదు. పరాయి బిడ్డను అప్పగించుచున్నపుడు ఇంతటి జాగ్రత్త ధర్మమే. అయితే ఈ ప్రశ్నపత్రమును కన్నవారందరికిని పంచిపెట్టినచో ఏమగునో ఊహించిచూడుడు. కైకేయి మాటకు లోబడు దశరథునికి పుత్రకామేష్టి అనుమతి దొరకదు. కొడుకు తప్పు కానరాని ధృతరాష్ట్రుడు మొదటి పేరాలోనే తప్పును. హిరణ్యకశిపుని సంగతి చెప్పనే అక్కరలేదు. కాని, వానిని తప్పించినచో ప్రహ్లాదునికి తావెక్కడ?

పురాణపురుషులనటుంచి, మా వీధిలోని తండ్రులను చూడుడు. తెల్లవారుజామున బిడ్డను కోచింగు సెంటరు దగ్గర దింపివచ్చి, ఇంటర్మీడియట్ ఫలితాల నాడు ఫోను చేతపట్టుకొని హాలుటికెట్టు సంఖ్య తప్పుగా కొట్టి, మరల కొట్టి, మార్కులు చూచి, ఎదుటింటి పిల్లవాని మార్కులతో పోల్చి, అనరాని మాటయొకటి అని, ఆ మాట అన్నందుకు రాత్రి అన్నము తినలేక, మరునాడు క్షమాపణ అడుగుట చేతగాక, బిరియానీ పొట్లము కొనితెచ్చి మౌనముగా బల్లపై పెట్టువాడు సామాన్యుడు. వానికి మాట చాతకాదు. మనస్తత్వశాస్త్ర గ్రంథము దగ్గర పెట్టుకొని మార్కులు వేసినచో వానికి నూటికి ముప్పదియైనను రావు. ఆ పొట్లము విప్పిన కూతురు మాత్రము తండ్రి యేమి చెప్పబోయెనో ఎరుగును. క్షమించునో లేదో అది వేరు మాట. బిడ్డను హింసించువాడు, అమ్ముకొనువాడు, ఆకలికి వదలువాడు ఈ లెక్కలోనివాడు కాడు; వానికి చట్టము కలదు, శిశుసంక్షేమ సమితి కలదు, ఆ చట్టము ఇంకను గట్టిగా పనిచేయవలెను. నేను చెప్పునది పిరికితనము, చిరాకు, పిసినారితనము, పోలికలు పెట్టు రోగము, టీవీ చప్పుడులో బిడ్డ ప్రశ్న వినబడకపోవుట మొదలైన నిత్యలోపములను గూర్చి. ఈ లోపములు లేని మనుష్యుడు దొరకువరకు కాచుకొనియుండినచో తమ శాఖకు లెక్కించుటకు జనమే మిగులరు.

ఇక కననివారిపై వేయు స్వార్థపు నింద. నా యెరుకలోని పడుచువారిలో బిడ్డలు వలదనుకొన్నవారు కొందరున్నారు. వారు చెప్పు కారణములను ఓపికగా విన్నాను. కొందరికి బిడ్డలపై కోరికయే లేదు. అందులో దాచవలసినది గాని దిద్దవలసినది గాని యేమున్నది? కొందరు తమ కోపము తమకు తెలిసి, తండ్రి తమను కొట్టిన చేయి తమకును వచ్చునేమోనని జంకినవారు. సామాన్యుల లోపములను గూర్చి వేదికలెక్కి వాదించు పెద్దలకంటె, తన లోపమును తానెరిగి వెనుకడుగు వేసినవారిని నేను గౌరవింతును. ఆ భయముతోనే కని, ఆ చేతిని జేబులో పెట్టుకొని పెంచువారిని ఇంకను ఎక్కువగా గౌరవింతును. ఒకరిని రెండవవారికి పాఠముగా చూపుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఇక మరికొందరున్నారు, వారే ఎక్కువమంది: కావలెనని యుండియు లెక్క కుదరనివారు.

ఆ లెక్క తాము చూడవలసినది. 2017లో ప్రసూతి ప్రయోజనముల చట్టమును సవరించినప్పటినుండి మొదటి ఇరువురు బిడ్డలకు 26 వారముల వేతనపు సెలవు. మూడవ బిడ్డకు 12 వారములే. ఏబదిమందికి తక్కువ కాకుండ ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణశాల ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. చూపుమన్నచో ఎందరు యజమానులు చూపగలరు? మిరపకోతకు పోవు కూలియింతికి ఆ 26 వారములును లేవు, ఈ 12 వారములును లేవు. చీర ఉయ్యాల చెట్టుకొమ్మకు కట్టి, సాలులోనికి దిగును. పట్టణపు ఉద్యోగినికి అమ్మమ్మయే శిశుసంరక్షణశాల. అమెరికాలో పురుడు పోసికొను మన ఆడపడుచుల ఇండ్లకు, ఆరు నెలలు అమ్మయు, ఆ వెనుక ఆరు నెలలు అత్తగారును, ఆవకాయ జాడీలతో వంతులవారీగా విమానమెక్కుట మనమెరుగమా? చేసినదానిని చేయలేదనుట నా యుద్దేశ్యము కాదు. ప్రభుత్వోద్యోగినులకు ఇద్దరు బిడ్డల వరకే 180 రోజుల సెలవన్న హద్దును 2025లో తొలగించితిరి. అర్హతగల ఇండ్లలో బడికి పోవు ప్రతి బిడ్డకును తల్లికి వందనము పేర ఏటికి 15,000 రూపాయలు ఏర్పాటు చేసితిరి. సంతోషము. ఆ రూపాయలు కార్పొరేటు పాఠశాలవారు పుస్తకములకును, బస్సుకును, బూట్లకును అడుగు మొత్తములో ఎన్నవ వంతో ఆ తల్లులనే అడిగి తెలిసికొనవచ్చును.

మరియొక చిక్కు గూడ చిత్తగించవలెను. ముగ్గురుండవలెనని తామనుచున్నారు. ఇద్దరు బిడ్డలున్న దంపతులు మూడవవానిని కనుటకు మారుగా, అనాథాశ్రమమునుండి తెచ్చుకొందుమని దరఖాస్తు పెట్టినచో, 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారము, ప్రత్యేకావసరములు గల శిశువులను, ఎవరును తీసికొనక మిగిలిపోయిన శిశువులను తప్ప వారికి చూపరు. దత్తత కోరి ఏండ్లతరబడి వేచియున్న సంతానహీనులకు తొలి అవకాశమిచ్చుట న్యాయమే. కాని, కేంద్రము దృష్టిలో ఇద్దరున్న ఇల్లు నిండిన ఇల్లు, రాష్ట్రము దృష్టిలో అదే ఇల్లు వెలితి ఇల్లు అగుచున్నది. మా గడపలో నిలిచి రెండు ప్రభుత్వములు రెండు లెక్కలు చెప్పుచుండ, తప్పు మా స్వభావములోనే వెదకుదురేమి?

దక్షిణాది గోడు నాకు తెలియదనుకొనకుడు. 1971 జనాభా లెక్కల మీద బిగించిన లోక్‌సభ స్థానముల పంపకమును సడలించుకాలము వచ్చినదనియు, చెప్పిన మాట విన్నవారికి స్థానములు తగ్గి విననివారికి పెరుగు ప్రమాదమున్నదనియు పెద్దలు మొరపెట్టుచున్నారు. ఆ మొర న్యాయమైనదే. దానిని పార్లమెంటులో, న్యాయస్థానములో, ఆర్థిక సంఘము ఎదుట గొంతెత్తి వాదించుడు, నేనును వచ్చి వెనుక నిలుచుందును. ఇరువదిమూడేండ్ల ప్రాయమున, మీ మాట మీదనే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు బల్లమీద పడుకొని ఆపరేషను చేయించుకొని, ఆ సాయంత్రమే ఆటోలో ఇంటికి వచ్చిన మా ఊరి స్త్రీని పిలిచి, అమ్మా, పార్లమెంటులో మన బలము తగ్గుచున్నది, ఇంకొకరిని కనుమని చెప్పుటకు మాత్రము నాకు నోరు రాదు. తమకు వచ్చునేని, ముందుగా ఆమెతో అన్న వెనుకటి మాటను ఏ తేదీతో రద్దు చేసితిరో ఉత్తరువు ప్రతి యొకటి ఆమెకు ఇప్పింపుడు.

మా ఇంటి విషయము గూడ కొంత చెప్పుకొనవలసియున్నది. మా కోడలికి ఒక్క ఆడపిల్ల. రెండవవారిని గూర్చి ఆమె ఇంకను ఆలోచించుచున్నది. ఆలోచించుచున్నదని కూడ ఆమె మాతో చెప్పలేదు, మేమే అనుకొనుచున్నాము. కావున తమ కార్యాలయము ఈ లేఖకు జవాబు వ్రాయునెడల, అది హితబోధయైనను, బహుమానపు పత్రమైనను, సంజాయిషీ నోటీసైనను, కుటుంబ యజమానినని నా పేర పంపక, ఆమె పేర పంపింపుడు. చదువవలెనో వలదో ఆమె చూచుకొనును.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇరువురు బిడ్డల తండ్రి, ఒక మనుమరాలి తాత