సున్న-ఆరు-సున్నకు టీకా తాత్పర్యం

మూలం: ఎఫ్ తరగతి, 0-6-0, మీటర్‌గేజ్, 1870లలో మొదలు, గూడ్సు బండ్లకూ మిక్స్‌డ్ బండ్లకూ. రైలింజన్ల చరిత్రకారులు రాసే సూత్రాలు ఈ తీరున ఉంటాయి. కింద బాయిలరు కొలతలు, చక్రాల వ్యాసం, కట్టిన కంపెనీ పేరు బారులు తీరుతాయి. 1895లో అజ్మీరు కార్ఖానాలో తయారైన ఎఫ్-734 పూర్తిగా ఈ దేశంలోనే కట్టిన మొదటి ఇంజనన్న కీర్తిగానం ఆ వెంటనే వస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. 'తరగతి' స్పష్టము. 'మీటర్‌గేజ్' స్పష్టము; వైస్రాయి మేయో ప్రభువు కాలంలో, మెట్రిక్ కొలతలు ఇవాళో రేపో వచ్చేస్తాయన్న ధీమాతో 1870లో పట్టాల మధ్య మీటరు దూరం ఖాయం చేశారు, కొలతలు మాత్రం స్వాతంత్ర్యం తర్వాత గానీ రాలేదు. 'గూడ్సు' కూడా స్పష్టమేనని పూర్వటీకాకారులందరూ దాటేశారు. దాని సంగతి తర్వాత చూద్దాం. అసలు చిక్కు సున్నతోనే.

మధ్యనున్న ఆరు నడిపే చక్రాలు. ముందున్న సున్నకు అర్థం ముందు చిన్న చక్రాలు లేవని, వెనక సున్నకు అర్థం వెనకా లేవని. లేని చక్రాలను లెక్కపెట్టి రాయవచ్చునా? కృష్ణా తీరపు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడని చెప్పి, ఏడవదిగా అభావాన్ని నిలిపాడు. మీమాంసకుల్లో ప్రాభాకరులు దాన్ని ఒప్పుకోరు. వాళ్ల చేతికి రైల్వే వస్తే ఈ ఇంజను పేరు ఉత్త 'ఆరు'. భాట్టులు ఒప్పుకోవడమే కాక, దాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం కూడా ఇచ్చారు. 1900లో ఈ అంకెల పద్ధతి తెచ్చిన అమెరికన్ ఇంజనీరు వైట్ తెలియకుండానే భాట్టుడు. అభావాల్లో నాలుగు రకాలు. ఈ ఇంజనుకు ముందు చక్రాలు ఎన్నడూ లేవు, ఉండబోవు కనుక ఇది అత్యంతాభావం. ఊడిపోయి ఉంటే ప్రధ్వంసాభావం అయ్యేది, ప్రమాద విచారణ జరిగేది. మంజూరయ్యాక ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా సాగిన రాయదుర్గం-తుమకూరు లైను, ఇంకా పుట్టకపోవడమనే ప్రాగభావానికి ఉదాహరణ; ప్రాగభావానికి ఆది లేదు గానీ అంతం ఉందని శాస్త్రం ధైర్యం చెబుతోంది.

మతభేదాలు ఇంకా ఉన్నాయి. ఫ్రెంచివారు చక్రాలు కాదు, ఇరుసులు లెక్కపెట్టి 030 అంటారు. జర్మన్ సంప్రదాయంలో నడిపే ఇరుసులకు అక్షరాలిస్తారు. మూడిరుసులైతే సి, నాలుగైతే డి. ఆస్ట్రియా ప్రభుత్వ రైల్వేలో 1885 నుంచి వచ్చిన గూడ్సు ఇంజను 73వ తరగతి ఈ లెక్కన డి, వైట్ లెక్కన 0-8-0. నాలుగిరుసులు ఎందుకు? అంతకు ముందేడాది తెరిచిన ఆర్ల్‌బెర్గ్ కొండదారి ఎక్కాలి గనుక. అక్కడ కొండను వదిలి ఇంజను కథ చెప్పలేరు. మన దగ్గర మాత్రం ఇంజను గాలిలో పుట్టి మ్యూజియంలో తేలుతుంది. మధ్యలో ఏ నేలమీద నడిచిందో, ఏం లాగిందో లేదు. ఇక్కడ అనుపలబ్ధి ప్రమాణంగా పనికిరాదు. కనబడవలసినది, వెతికినా కనబడకపోతేనే లేదని తేల్చాలని భాట్టులే అన్నారు. మన చరిత్రకారులు వెతకలేదు.

వెతికితే దొరికేది ఇది. 1876-78 కరువు బళ్లారి సీమను ఊడ్చేసినప్పుడు, రాయదుర్గం ఆ జిల్లాలోదే. మద్రాసు నుంచి రాయచూరు దాకా పట్టాలు అప్పటికే గుంతకల్లు మీదుగా ఉన్నాయి. ధాన్యం స్టేషను దాకా వచ్చింది. అక్కణ్ణుంచి ఊళ్లకు మోయాల్సిన ఎద్దులు మేత లేక చచ్చాయి. కరువు పనుల్లో ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ మనిషికి రోజుకు పౌను ధాన్యం చాలని కూలి తగ్గించాడు. 1880 కరువు కమిషన్ కరువు రక్షణకు రైలుమార్గాలు కావాలంది, 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బళ్లారి నుంచి మీటర్‌గేజ్ రాయదుర్గం చేరింది. ఇంతకీ ఈ పట్టాలు పుట్టిందే గింజల కోసం.

యంత్రశాస్త్రం రాసేవాడికి కరువు చరిత్ర ఎందుకని ఆక్షేపణ. నిజమే, ప్రయాణికుల ఇంజనైతే వదిలేద్దాం. కానీ గూడ్సు ఇంజను బలమెంతో చెప్పేదే అది లాగే బరువు. ఆ బరువు దేనిదో అడగడం యంత్రశాస్త్రానికి వెలి కాదు. రైలే కరువును ఆపిందిగా అని రెండో ఆక్షేపణ. గింజలు తేగల పట్టాలు గింజలు పట్టుకుపోనూ గలవు. 1877లోనూ ఈ దేశపు గోధుమ ఇంగ్లండుకు ఓడలెక్కింది. రైలు మోసేది ధర ఎక్కువ పలికే చోటికి, ఆకలి ఎక్కువున్న చోటికి కాదు. ఆ రెండూ ఒకటయ్యాయో లేదో తేల్చేది సరుకు లెక్కలే గాని బాయిలరు పట్టిక కాదు.

తాత్పర్యం: లేని చక్రాలకు రెండు సున్నలిచ్చిన శాస్త్రకారుడు ఉన్న సరుకుకు ఒక్క గడి కూడా ఇవ్వలేదు. ఇకమీదట ఇంజను చరిత్ర రాసేవారు ముందు బస్తాల లెక్క చెప్పి, తర్వాత ఇరుసుల దగ్గరికి రావాలి. అందాకా వారి గ్రంథాల్లో ఈ అభావం ప్రాగభావమనే అనుకుందాం.