పెరటి స్థపతి

స్వదేశమున నున్నన్నాళ్లు తాపీ చేతబట్టి యెరుగనివాడును, గోడకు మేకు కొట్టవలసివచ్చినను వడ్రంగికి కబురంపు వంశమున జన్మించినవాడును, ఉద్యోగవశమున అట్లాంటా శివార్లలోని ఎర్రమట్టి వాలునేలపై ఇల్లు కొన్నవాడును అగు మన తెలుగు సాఫ్ట్‌వేరు ఇంజనీరు, ఒకానొక వసంతకాలపు ఉదయమున పెరటి తలుపు తెరచి, ఆ పల్లము నాపాదమస్తకము పరికించి, ఇచ్చట పేవర్లతో అంతస్తులంతస్తులుగా ప్యాటియో నిర్మింపవలయునని సంకల్పించును. కాంట్రాక్టరు చెప్పిన ధర విని నిలువున నీరగుటయే ఈ కళావేశమునకు మూలమని ఆయన ఇల్లాలు చెప్పును. ఆమె మాట నమ్మదగినది.

త్రవ్వకమునకు ముందు 811కు ఫోను చేసి, భూగర్భమునగల గొట్టములకును తీగలకును గుర్తులు పెట్టించుట ఆ దేశపు మర్యాద. పచ్చికపై వెలసిన గ్యాసు పసుపు గీతలను, విద్యుత్తు ఎర్ర గీతలను శంకుస్థాపన ముగ్గువలె భావించి, ఆయన వాని ఫొటోలు బంధువర్గమున కంతటికిని పంపును. అచ్చట పలు ఊళ్లలో నాలుగడుగులు మించిన రిటైనింగు గోడకు అనుమతిపత్రము కావలయును. కావున ఆయన మూడున్నర అడుగుల గోడలు రెండు కట్టును. అంతస్తులు పుట్టుటకు సౌందర్యదృష్టికంటె ఈ నిబంధనయే హేతువని నా అనుమానము. రెండు గోడలును మరీ చేరువైనచో పైదాని భారము క్రిందిదానిపై పడునని, అట్టివానిని ఒకే గోడగా లెక్కింతురని, మొదటి గోడ లేచిన పిమ్మట ఆయనకు తెలియును.

అతిథి యెవడైన రాతి రంగును మెచ్చుకొనబోయెనా, ఆయన నొచ్చుకొనును. "పైరాయిదేమున్నది బావగారూ, అసలు సంగతంతయు అడుగున నున్నది!" అని, ఆరంగుళముల కంకరను అద్దె యంత్రముతో పొరపొరగా దిమ్మిస చేసిన విధమును, దానిపై పరచిన అంగుళపు ఇసుకను, గోడ మొదటి వరుసను నేలలో పాతి దినమెల్ల రసమట్టము చూచుచు కూర్చున్న వైనమును, గోడ వెనుక దాగిన కంకరను, చిల్లుల గొట్టమును, కంటికి కనబడని ఆ సమస్తమును కన్నులకు గట్టునట్లు వర్ణించును. గోడను కూలద్రోయునది చాలమారులు మట్టి కాదు, మట్టిలో నిలిచిన నీరని ఆయన చెప్పునది అక్షరసత్యము. సత్యమగుటచేతనే శ్రోతకు తప్పించుకొను దారి లేదు.

ఎట్టకేలకు ఒక ఆదివారము ఆ ప్యాటియోపై విందు జరుగును. ఇడ్లీలకు వడ్డించిన సాంబారు పళ్లెములో ఒకవైపునకే ఒరుగుచున్నదేమని బావగారు సందేహము వెలిబుచ్చగా, మన స్థపతి ఆనందబాష్పములు రాల్చి లేచి నిలుచుండును. "అడుగునకు పావంగుళము వాలు! చూచితిరా, ఇంటినుండి అవతలికే పోవుచున్నది గదా!" అని, అందరికిని కనబడవలయునను తలంపుతో, బావగారి పళ్లెమున మరి రెండు గరిటెలు పోయుమని ఇల్లాలిని కేకవేయును.